పూసల మీద ఎరుపు

నమోదు 1

పేరు సలోమి. పని మంచు కోత బండి నడపడం, మూడో నంబరు బండి. భూమి వదిలి వచ్చి కట్టుకున్న ఈ ఎర్రమిట్ట ఊళ్ళో పనిచేసే ప్రతివాళ్ళూ షిఫ్టు అయ్యాక ఏం చేశారో నోటితో చెప్పి నమోదు చేయాలని కొత్త రూలు పెట్టారు. సరే, చెప్తున్నాను. ఈ పూట ఉత్తరపు గోతిలో మంచు కోశాను. రంపం బానే ఉంది. ఎడమ చక్రంలో ఎర్ర దుమ్ము పేరుకుంది, దులిపాను. బండి సంగతి అంతే.

ఇక నా సంగతి. బండి దిగి, గాలి తొడుగు విప్పి, మొహం కూడా కడుక్కోకుండా ఆస్పత్రికి పరిగెత్తాను. మా అక్క ఎస్తేరు అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. అక్కకి రెండు కిడ్నీలూ పోయి ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ హాల్లో పడుకుంటే మెషిను తన రక్తాన్ని కడిగి లోపలికి పంపుతుంది. నేను నా కిడ్నీ ఒకటి ఇస్తానన్నాను. మా ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూపు. నాకు ఏ జబ్బూ లేదు. ఇంకేం అడ్డం ఉంటుందిలే అనుకున్నాం.

డాక్టర్ కుముదిని గారు తెర మా వైపు తిప్పారు. వరసగా చుక్కలు. కొన్ని పచ్చగా, చాలావరకు ఎర్రగా.

"నీ కిడ్నీ మీ అక్కకి పెట్టలేం, సలోమీ," అన్నారు.

"ఎందుకని?"

"మనిషి కణాల మీద గుర్తులుంటాయి. వాటిల్లో సగం మీ ఇద్దరికీ ఒకటే. మిగతా సగం నీవి వేరు. ఆ వేరే గుర్తుల మీద పడే యాంటీబాడీలు మీ అక్క రక్తంలో ముందే ఉన్నాయి. పెడితే ఆపరేషన్ బల్ల మీదే కిడ్నీ చచ్చిపోతుంది."

"ఉన్నాయని ఎట్లా తెలిసింది?"

"పూసల పరీక్షలో. కంటికి కనపడనంత సన్నని పూసలు. ఒక్కో పూసకి ఒక్కో గుర్తు అంటించి భూమి నుంచి పంపుతారు. వాటి మీద రోగి రక్తంలోని సీరం పోస్తాం. యాంటీబాడీ వచ్చి పట్టుకుంటే ఆ పూస వెలుగుతుంది, తెర మీద ఎర్ర చుక్క పడుతుంది. నీ గుర్తులున్న పూసలన్నీ వెలిగాయి. నీవే కాదు, ఈ ఊళ్ళో ఎవరి గుర్తులు చూసినా అంతే. మీ అక్క పేరు ఎదురుగా, దాతల్నీ రోగుల్నీ కలిపే జోడింపు ప్రోగ్రాము తలుపు మూసేసింది."

అక్క నా వైపు చూసి, "చిన్నప్పట్నుంచీ నువ్వంటే నాకు పడదని ఇప్పుడు రుజువైంది," అంది.

నాకు నవ్వు రాలేదు. ఇంతవరకూ నాకు దేని మీద కోపమో తెలీదు. ఒక చుక్క మీద కోపం తెచ్చుకోవడం ఎట్లాగో కూడా తెలీదు. కానీ వచ్చింది.

నమోదు 4

ఉత్తరపు గొయ్యే. రెండు పెట్టెల మంచు కరిగింపు షెడ్డులో దింపాను.

మా వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడితే, ఎదురింటి సుభాషిణి బిందె పట్టుకుంటూ అంది: "ఈ వారం కూడా నీళ్ళు తగ్గించారు. ఒక్కసారి డయాలసిస్ చేస్తే ఒక ఇంటికి వారం సరిపోయే నీళ్ళు పోతాయంట గదా." నా మొహం చూడలేదు. కుళాయికి చెప్తున్నట్టు చెప్పింది.

"పోతాయి," అన్నాను. "అవి నేను కోసి తెచ్చిన మంచులోవి. నీ బిందెలోవి కూడా."

ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. నా కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఆమె చెప్పింది అబద్ధం కాదు. అక్కకి కిడ్నీ పెడితే ఆ నీళ్ళు వీధికి మిగిలేవి. అక్క కూడా మిగిలేది.

సాయంత్రం డయాలసిస్ హాలుకి వెళ్ళాను. ఎరుపు వచ్చినవాళ్ళని అక్కడ ఒక మూలన పడుకోబెడతారు. కిడ్నీ దొరికే ఆశ ఉన్నవాళ్ళు తలుపు దగ్గర, లేనివాళ్ళు గోడ దగ్గర. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, వాళ్ళ చెయ్యి విరగ. గోడ దగ్గర ముగ్గురున్నారు. అక్క, రొట్టెల పొయ్యి నడిపే తులసమ్మ గారు, నీళ్ళ గొట్టాలు బిగించే మస్తాన్ వలి. మస్తానన్నకి ఆయన భార్య జైనబక్క ఇస్తానంది. ఎరుపు. తులసమ్మ గారికి తమ్ముడు ఇస్తానన్నాడు. ఎరుపు.

మస్తానన్న పడుకునే మాట్లాడతాడు, ఆపకుండా. "ఎస్తేరమ్మా, నీకంటే ఒక కాన్పు అయింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు తల్లి రక్తంలో ఈ యాంటీబాడీలు పుట్టొచ్చంట. డాక్టరమ్మే చెప్పింది. లేకపోతే ఎవరి రక్తమైనా ఎక్కించుకుంటే పుట్టొచ్చంట. నేను కడుపుతో ఉన్నానా? రక్తం ఎక్కించుకున్నానా? మరి నాకెక్కణ్ణించి వచ్చాయి?"

"అడగలేకపోయావా?" అన్నాను.

"అడిగా. మెషిను చెప్పింది గదా అన్నారు."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. హాల్లో అందరూ నవ్వారు. నేను ఇంటికొచ్చేదాకా అదే మాట నమిలాను.

నమోదు 9

గాలిదుమారం. బండ్లు బయటికి తీయలేదు.

కాబట్టి డాక్టర్ గారి గది ముందు కూర్చున్నాను. ఆవిడ బయటికి వచ్చేసరికి మస్తానన్న ప్రశ్న అడిగాను. ఆవిడ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ ప్రశ్నకి జవాబు ఉందని.

"పూసకి అంటించిన గుర్తు ఒక్కోసారి పాడవుతుంది," అన్నారు. "అంటించేటప్పుడో, ఓడలో నెలల తరబడి వచ్చేటప్పుడో దాని ఆకారం విచ్చుకుపోతుంది. మామూలుగా లోపల దాక్కుని ఉండే భాగం బయటపడుతుంది. ఆ లోపలి భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు చాలామంది రక్తంలో ఊరికే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా. వాటివల్ల హాని లేదు. కానీ పూస మాత్రం వెలుగుతుంది."

తర్వాత ఇంటికెళ్ళి అక్కకి ఇది చెప్తే, తొడుగుల లోపలి గుడ్డలు కుట్టే మనిషి కదా, రెండు క్షణాల్లో పట్టేసింది. "చొక్కా తిరగేస్తే లోపలి కుట్లు కనిపిస్తాయి. నా రక్తానికి ఆ కుట్లంటే పడదు. కానీ చొక్కా తిరగేసి తొడుక్కునేదెవరు?" అంది.

అదే నేను అంతకుముందు ఆ గదిలో డాక్టర్ గారిని అడిగాను, వేరే మాటల్లో. "నా కణాల మీద ఆ లోపలి భాగం బయటికి ఉండదు కదా?"

"ఉండదు."

"అయితే అక్క సీరం, నా నిజం కణాలు కలిపి చూడొచ్చు కదా?"

"చూడొచ్చు. దానికి వేరే మెషినుంది. స్టోరులో పెట్టేశారు."

"ఎందుకు?"

"ప్రతిసారీ దాత రక్తం తాజాగా తీయాలి, ఒక మనిషి కూర్చుని చేయాలి. పూసలైతే వాటంతట అవే అయిపోతాయి. రెండేళ్ళ కిందట కమిటీ ఆ పరీక్ష రద్దు చేసింది. ఇప్పుడు నేను చేసినా లెక్కలోకి రాదు."

"మీకిది ముందే తెలుసు."

"ఉండొచ్చని తెలుసు. మీ అక్క విషయంలో అదేనని తెలీదు." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "సలోమీ, నిజమైన ఎరుపు కూడా ఉంటుంది. భూమి మీద చదువుకునే రోజుల్లో ఒకసారి చూశాను. కిడ్నీ పెట్టి రక్తం వదిలాం. గులాబీ రంగులోకి వచ్చింది. అందరం సంతోషపడ్డాం. పావుగంటలో నల్లబడిపోయింది. ఆ మనిషి బతకలేదు. పూస వెలిగితే నాకు అదే గుర్తొస్తుంది."

ఆ భయం నాకు అర్థమైంది. అయినా ఆవిడ మీద కోపం తగ్గలేదు. భయపడితే పరీక్ష చేసి చూడాలి. చూడకుండా గోడ దగ్గర పడుకోబెట్టడమేంటి?

నమోదు 12

ఈ పూట మంచు కోయలేదు. గొయ్యి తవ్వాను.

మస్తానన్న పోయాడు. డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య నాలుగు రోజుల ఎడం వచ్చింది, నీళ్ళ కొరత అని. ఆ ఎడంలో ఒంట్లో ఉప్పులు పెరిగి గుండె ఆగిపోయింది. పొద్దున్నే జైనబక్క లేపితే లేవలేదు.

ఎర్రమిట్టలో ఎవరు పోయినా దక్షిణపు వాలులో పూడుస్తారు. ఆ నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది. మనుషులు తవ్వలేరు, మా బండితో తవ్వాలి. నా వంతు వచ్చింది. మొన్నటిదాకా నన్ను చూసి "ఏమ్మా, మంచు మహారాణీ" అన్న మనిషికి నేనే గొయ్యి తవ్వాను. రంపం రెండుసార్లు ఇరుక్కుంది. మూడోసారి నేనే ఆపేశాను. బండిలో కూర్చుని అరిచాను. తొడుగులో అరిస్తే మన అరుపు మన చెవుల్లోనే మోగుతుంది, బయట ఎవరికీ వినపడదు.

జనాజా నమాజు లోపల సొరంగంలోనే చేశారు. తర్వాత తొడుగులు వేసుకుని నలుగురు మోశారు. జైనబక్క వాలు దాకా నడిచి వచ్చింది. ఏడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన నడుస్తూ రేడియోలో అంది: "నా ఒంట్లో రెండున్నాయి, సలోమీ. ఒకటి తీసుకోండని ఎన్నిసార్లు చెప్పానో. నీది పనికిరాదమ్మా అన్నారు. నా ఒంట్లోది ఆయనకి పనికిరాకపోతే ఇంకెవరికి పనికొస్తుంది?"

డాక్టర్ కుముదిని గారు మా వెనకే నడుస్తున్నారు. ఆవిడ కూడా అదే రేడియోలో విన్నారు.

నమోదు 13

ఉత్తరపు గొయ్యి. మంచు. బండి బానే ఉంది.

షిఫ్టు అయ్యేసరికి డాక్టర్ గారు నాకోసం గాలితలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "రక్తం ఇవ్వడానికి రా," అన్నారు.

స్టోరులో మూలన పడేసిన మెషినుని ఆవిడే తోసుకొచ్చారు. నా రక్తంలోంచి తెల్ల కణాలు తీశారు. అక్క సీరంలో కలిపారు. రంగు వేశారు. అక్క యాంటీబాడీలు నా కణాలని పట్టుకుంటే మెషిను తెర మీద గీతలో పైకి లేచిన దిబ్బ కుడివైపుకి జరుగుతుందట. పట్టుకోకపోతే ఉన్నచోటే ఉంటుందట. మెషిను సరిగ్గా పనిచేస్తోందని చూడ్డానికి ముందు నిజంగా పట్టుకునే సీరం ఒకటి పోసి చూపించారు. దిబ్బ కుడివైపు దూకింది.

తర్వాత అక్కది. దిబ్బ కదల్లేదు.

ఆవిడ మళ్ళీ చేశారు. కదల్లేదు. "రేపు ఇంకోసారి కొత్త రక్తంతో చేస్తాను," అన్నారు.

నేను ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను. సంతోషపడాలి కదా. ఎరుపు చూసిన రోజు కంటే ఎక్కువ కోపం వచ్చింది. చేయడానికి ఒక పూట కూడా పట్టలేదు.

నమోదు 15

మూడోసారి కూడా కదల్లేదు. అక్కకీ నాకూ మధ్య ఏ అడ్డమూ లేదు.

తులసమ్మ గారిదీ, ఆమె తమ్ముడిదీ కలిపి చూశారు డాక్టర్ గారు. దిబ్బ కుడివైపు దూకింది. ఆమెది నిజమైన ఎరుపే. ఆమెకి ఆ తమ్ముడి కిడ్నీ పెట్టకపోవడమే మంచిది. కాబట్టి అన్ని ఎరుపులూ అబద్ధం కాదు. నేను ఈ మాట కావాలనే చెప్తున్నాను. రేపు ఎవరైనా విని, ఇది కోపం మీద ఏదేదో వాగిందంటారేమో.

వెళ్ళబోతూ అడిగాను: "మస్తానన్న సీరం ఇంకా ఉందా?"

ఆవిడ చేతి తొడుగులు విప్పుతూ ఉన్నారు.

"జైనబక్క కణాలు?"

"ఇద్దరివీ ఫ్రీజర్లో ఉన్నాయి. దాత పరీక్షలప్పుడు తీసి దాచినవి. తాజా రక్తం అంత మంచివి కావు గానీ పనికొస్తాయి."

"చేశారా?"

"చేశాను."

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ కూర్చున్నారు. "దిబ్బ కదల్లేదు, సలోమీ."

"ఆవిడకి చెప్పారా?"

"లేదు."

నమోదు 18

ఈ పూట సెలవు పెట్టాను. డాక్టర్ గారు ఫలితాలు పంపాక కమిటీ పిలిచింది.

కమిటీ అంటే చివరికి ఒక్క మనిషే, వైద్య సభ్యుడు చంద్రమౌళి గారు. చెడ్డమనిషి అయ్యుంటే తేలికగా ఉండేది. నాకు కుర్చీ వేశారు. అక్క ఎట్లా ఉందని అడిగారు. మూడు పరీక్షల ఫలితాలూ చదివారు, రెండోసారి కూడా చదివారు.

"మీ అక్కకి ఆపరేషన్ చేయిద్దాం," అన్నారు.

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"ప్రత్యేక సందర్భం కింద. దీని కారణం మాత్రం బయటికి రాకూడదు. ఆ పాత పరీక్ష చేశారనీ, పూసలు తప్పు చెప్పాయనీ మీరు గానీ డాక్టర్ గారు గానీ ఎవరితోనూ అనకూడదు. ఇద్దరూ గొంతు ఇవ్వాలి."

ఇక్కడ కాగితాలు లేవు. ఒప్పుకుంటున్నానని మెషిన్లో చెప్తే అదే సంతకం. దాన్నే గొంతు ఇవ్వడం అంటారు.

"ఎందుకు అనకూడదు?"

ఆయన తెర ఆపేశారు. "ఈ రెండేళ్ళలో ఎరుపు చూపించి ఎంతమందిని వెనక్కి పంపామో తెలుసా మీకు? వాళ్ళల్లో కొంతమంది దక్షిణపు వాలులో ఉన్నారు. పూసలు తప్పని ఈరోజు చెప్తే, రేపు ఒక్కొక్క ఇంటి ముందూ నేను నిలబడాలి. పోయినవాళ్ళని తేలేను. ఉన్నవాళ్ళకి మా మీద నమ్మకం పోతుంది. ఊళ్ళో ఒకటే ఆస్పత్రి, సలోమి గారూ. దాన్ని ఎవరూ నమ్మకపోతే రేపు జ్వరానికి కూడా రారు."

"హాల్లో ఇంకా ఉన్నారు. రేపు ఇంకా వస్తారు. వాళ్ళకి?"

"మెల్లగా, అవసరాన్ని బట్టి చూద్దాం."

"మస్తానన్నకి అవసరం లేకపోయిందా?"

ఆయన మొహం తెల్లబోయింది. నిజంగానే బాధపడ్డారు, నేను చూశాను. ఆ బాధ చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. అంత బాధ పడగలిగిన మనిషి అంత మర్యాదగా కూర్చుని నా నోరు కొంటున్నాడు. కుర్చీ ఎత్తి ఆయన తెర మీదకి విసరాలనిపించింది. విసరలేదు. అక్కని అడిగి చెప్తానని వచ్చేశాను.

నమోదు 19

మంచు. బండి బానే ఉంది.

అక్కకి మొత్తం చెప్పాను. మస్తానన్న సంగతి కూడా. బావ దైవసహాయం పక్కనే కూర్చుని విన్నాడు. అక్క బిడ్డ నిస్సీ అవతల గదిలో పాఠం చదువుకుంటోంది.

"నేను గొంతు ఇవ్వను," అన్నాను. "ప్రజల గంట సభలో అందరి ముందూ లేచి చెప్తాను. తర్వాత ఆపరేషన్ చేయకుండా ఎట్లా ఉంటారో చూస్తాను."

"ఉంటారు," అన్నాడు బావ. "విచారణ అంటారు. ఆర్నెల్లు లాగుతారు."

అక్క చాలాసేపు తన చేతి మీది సూది గుర్తులు చూసుకుంటూ కూర్చుంది. ఆ చెయ్యి ఇప్పుడు అక్కది కాదు, ఎవరిదో ముసలామె చెయ్యిలా ఉంది. తర్వాత అంది: "ఇచ్చెయ్యి, సలోమీ."

"అక్కా."

"నాకు ఆర్నెల్లు లేవు. నీకూ తెలుసు. నాకు బతకాలని ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నా. జైనబుని తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు, అయినా చెప్తున్నా. ఇచ్చెయ్యి."

నేను అక్క మీద కూడా కోప్పడ్డాను. గట్టిగానే. తలుపు తోసుకుని బయటికి వచ్చేశాను. సొరంగంలో చివరిదాకా నడిచి, అక్కణ్ణించి ఇంక దారి లేక, వెనక్కి నడిచి వచ్చాను. అక్క తప్పేం లేదని తెలుసు. ఊరిలో ఒక్క మనిషికి బతకాలని ఉండటం తప్పయ్యేలాగా చేశారు, తప్పు అదీ.

నమోదు 22

గొంతు ఇచ్చాను. నా తర్వాత డాక్టర్ గారు ఇచ్చారు. ఆవిడ గొంతు వణికితే మెషిను మళ్ళీ చెప్పమంది. ఈ నమోదులు ఎవరైనా వింటారో లేదో నాకు తెలీదు. వింటే విననీ.

ఇది నా చివరి బయటి షిఫ్టు. ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్ళని గాలి లేని చోటికి పంపరు. ఉత్తరపు గోతి అంచున బండి ఆపి కాసేపు చూశాను. సూర్యుడు చిన్నగా, తెల్లగా ఉన్నాడు. మంచు కోసినచోట నీలంగా మెరుస్తుంది, అది ఎవరికి చెప్పినా అర్థం కాదు. పదకొండేళ్ళు ఈ బండి నడిపాను. ఇది పోతుందని ముందే తెలిసి ఒప్పుకున్నాను కాబట్టి దీని గురించి ఏడవను. కానీ దిగేటప్పుడు స్టీరింగు మీద చెయ్యి తీయబుద్ధి కాలేదు.

నమోదు 23

ఇప్పుడు నా పని పంపుల షెడ్డులో. ఇంకా చేరలేదు. మంచం మీంచి చెప్తున్నాను.

అయిపోయింది. నా కిడ్నీ అక్క ఒంట్లో పెట్టి రక్తం వదిలాక డాక్టర్ గారు గంటసేపు కళ్ళు తిప్పకుండా చూశారట. గులాబీ రంగులోకి వచ్చింది. అట్లాగే ఉంది. బల్ల మీద ఉండగానే కిడ్నీ పని మొదలుపెట్టి ఉచ్చ వచ్చింది. బావ వచ్చి ఆ సంగతి చెప్తూ మాట పూర్తిచేయలేక గోడ వైపు తిరిగాడు. నేను పక్కకి తిరగబోతే కుట్లు లాగాయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఈ ఒక్క పూట నాకు ఎవరి మీదా కోపం లేదు.

నమోదు 27

కోపం తిరిగి వచ్చింది.

జైనబక్క మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. పుట్టగొడుగుల పులుసు కాచి తెచ్చింది. ఇద్దరికీ గిన్నెల్లో పోసింది. అక్క దుప్పటి సర్దింది. "రంగు వచ్చింది ఎస్తేరూ నీకు," అంది. తర్వాత నా మంచం పక్కన కూర్చుని, మామూలుగా అడిగినట్టే అడిగింది: "నీకూ ఎరుపే అన్నారు గదా సలోమీ. మరి ఎట్లా పడింది?"

నా నోట్లో పులుసు ఉంది. మింగాను.

"ప్రత్యేక సందర్భం అన్నారక్కా," అన్నాను.

"ఓహో," అంది. తల ఊపింది. "మీది ప్రత్యేకం అయ్యుంటుంది." ఇంకేం అడగలేదు. ఖాళీ గిన్నెలు కడిగి, బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పక్క మంచం మీంచి అక్క నన్నే చూస్తోంది. నేను అటు తిరగలేదు. గొంతు ఇవ్వడమంటే ఏం ఇచ్చేశానో అప్పుడు తెలిసింది.

నమోదు 41

పంపుల షెడ్డు. రెండో పంపు వాల్వు కారుతుంటే బిగించాను.

అక్క ఇప్పుడు నడుస్తోంది. ఈ పూట షెడ్డుకే వచ్చి, "పద," అంది.

"ఎక్కడికి?"

"జైనబు ఇంటికి."

నేను అక్కడే నిలబడిపోయాను. "నేను గొంతు ఇచ్చాను అక్కా. నాకూ డాక్టర్ గారికీ చెప్పకూడదని షరతు."

"నేనివ్వలేదు," అంది అక్క. "నన్ను ఎవరూ అడగలేదు. మొదట్నుంచీ అంతే. నా రక్తం తీశారు, నా చుక్కలు చూశారు, నా పేరు పక్కన తలుపు మూశారు. చివరికి నోరు మూయించడానికి కూడా నిన్నూ ఆవిడనే పిలిచారు. రోగి కూడా మాట్లాడుతుందని వాళ్ళకి తోచలేదు."

"ఆపరేషన్ ముందే అనుకున్నావా ఇది?"

"లేదు. అప్పుడు భయంతో ఉన్నాను. ఆవిడ పులుసు తాగాక అనుకున్నా."

జైనబక్క ఇంటి ముందు నేను ఆగిపోయాను. అక్క ఒక్కతే లోపలికి వెళ్ళింది. లోపలి మాటలు నాకు వినపడలేదు. చాలాసేపు అయ్యాక తలుపు తెరుచుకుంది. జైనబక్క గడపలో నిలబడింది.

"నీకు తెలుసు," అంది నాతో.

"తెలుసు."

"నేను పులుసు తెచ్చిన రోజు కూడా తెలుసు."

"తెలుసక్కా."

తలుపు వేసేసింది. ఆ తలుపు ముందు నిలబడి నేను ఎంత తిట్టుకున్నానో ఈ నమోదులో చెప్పను. అక్క నా చెయ్యి పట్టుకుని అక్కణ్ణించి డయాలసిస్ హాలుకి తీసుకుపోయింది. గోడ దగ్గర మంచాల మధ్య నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది. పూసలు ఎందుకు తప్పు చెప్పొచ్చో, నిజం కణాలతో చేసే పరీక్ష ఏంటో, దాన్ని అడగాలనీ. "అందరివీ తప్పని చెప్పడం లేదు. కొన్ని నిజం. ఏది నిజమో చూడమని అడగండి," అంది.

తులసమ్మ గారు, ఆమెది నిజమైన ఎరుపని అప్పటికే తెలిసిన మనిషి, అందరికంటే ముందు మాట్లాడింది. "నాకు చేసి చెప్పారు. నాది ఎరుపేనంట. చూసి చెప్తే నాకేం బాధ లేదు. చూడకుండా చెప్తేనే."

నమోదు 44

ఈ పూట ప్రజల గంట. వారానికోసారి కమిటీ ముందు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మామూలుగా పదిమంది ఉంటారు, నీళ్ళ గురించి గొణుగుతారు. ఈరోజు జనం హాల్లో పట్టలేదు. కొంతమంది అప్పటికే చొక్కా చెయ్యి మడిచి వచ్చారు, రక్తం తీసుకోండని.

చంద్రమౌళి గారు మొదట అక్కనే పిలిచారు. "ఈ విషయం బయట చెప్పకూడదని మాట తీసుకున్నాం."

"నా దగ్గర తీసుకోలేదండీ," అంది అక్క. ఆయన రికార్డు వెతికారు. దొరకలేదు. కూర్చున్నారు.

అప్పుడు జైనబక్క లేచింది. తెల్లచీర కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. మా వైపు చూడలేదు. "డాక్టరమ్మా, మా ఆయనదీ నాదీ కలిపి చూశారంట. ఏం వచ్చిందో ఇక్కడ చెప్పండి," అంది.

డాక్టర్ కుముదిని గారు లేచారు.

"డాక్టర్ గారూ, మీరు గొంతు ఇచ్చారు," అన్నారు చంద్రమౌళి గారు.

"ఇచ్చాను," అన్నారావిడ. జైనబక్క వైపు తిరిగారు. "మస్తాన్ వలి గారి సీరం మీ కణాలని పట్టుకోలేదు. మీ కిడ్నీ ఆయనకి పెట్టి ఉండొచ్చు. పూసలు తప్పు చెప్పాయి. నేను ముందే ఆ పరీక్ష చేయాల్సింది, చేయలేదు."

జైనబక్క కాసేపు అట్లాగే నిలబడింది. నేను ఆమె కాళ్ళ వైపే చూస్తున్నాను, పడిపోతుందేమోనని. పడలేదు. నడుచుకుంటూ కమిటీ బల్ల దాకా వెళ్ళింది.

"మీ రికార్డులో మా ఆయన పేరున్న చోటు తీయండి," అంది.

చంద్రమౌళి గారు తీశారు.

"ఏం రాసుందో చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "మస్తాన్ వలి. మరణించారు. సరిపోయే దాత లేరు."

"నేనున్నాను," అంది జైనబక్క. "దిద్దండి."

ఆయన తెర వైపు చూశారు, హాలు వైపు చూశారు. తర్వాత చూద్దామన్నారు. ఆమె వెనక్కి రాలేదు. బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడింది. గంట అయిపోయిందని దీపాలు తగ్గించారు. మా అక్క లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. తర్వాత నేను. తర్వాత తులసమ్మ గారు, డాక్టర్ గారు, చొక్కా చేతులు మడిచి వచ్చినవాళ్ళందరూ. జైనబక్క ఇప్పటికీ నా వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

ఆయన దిద్దేదాకా మేమెవరం కదల్లేదు.